లంక మేత బీడులో నత్రజని: నేపియర్ ఒక్కటే మేలా, కలగలుపు గడ్డి మేలా?

లంకపొలం:
అందరికీ నమస్కారమండి. మాది ముక్తేశ్వరం వైపు లంక. ఏటి పక్కన ఎకరంన్నర మేత భూమి ఉంది. సగంలో సూపర్ నేపియర్ మేత గడ్డి వేశాను. మిగతా సగం మా నాన్నగారి రోజుల నుంచీ నాగలి తగలని బీడు. గరిక, తుంగ, అక్కడక్కడ పిల్లిపెసర, ఇసుక ఎక్కువున్న వైపు వెంపలి, గట్టు మీద అత్తిపత్తి, ఇంకా పేర్లు తెలియనివి బోలెడు.

నేపియర్‌కి ప్రతి కోత తరువాత యూరియా పడాల్సిందే. ఒక్కసారి మానేస్తే ఆకు పాలిపోతుంది. బీడుకి ఎవరూ గుప్పెడు యూరియా వేసిన పాపాన పోలేదు, అయినా వరద తీసిన నెలకల్లా పచ్చగా లేచి కూర్చుంటుంది. విచిత్రం ఏమిటంటే మట్టి పరీక్ష కార్డులో రెండు ముక్కలకీ నత్రజని "తక్కువ" అని వచ్చింది. బీడుకి ఇంకా తక్కువ! మరి ఆ పచ్చదనం ఎక్కడిదండీ?

మా అబ్బాయి వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాడు. మొక్కల రకాలు ఎక్కువుంటే నేలలో నత్రజని బాగా తిరుగుతుంది నాన్నా, దున్నొద్దు అంటాడు. నేనేమో ఈ వేసవిలో బీడు కూడా దున్నేసి మొత్తం నేపియర్ పెట్టేద్దామని చూస్తున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

సార్వాదాళ్వా:
దున్నేయండి బాబూ. పాలిచ్చే గేదెకి కావలసింది టన్నులు. వైవిధ్యం గేదె తినదు. యూరియా బస్తా సబ్సిడీలో వస్తుంటే ఇంత ఆలోచన ఎందుకు?

మట్టివాసన:
లంకపొలం గారూ, దున్నే ముందు కాస్త ఆగండి. నేను నేలల శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ముందు ఆ కార్డు సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు గందరగోళమంతా అక్కడే ఉంది.

మన దగ్గర నత్రజనిని రెండు రకాలుగా లెక్కగడతారు. సేంద్రియ కర్బనం చూసి అంచనా వేయడం ఒకటి. మట్టిని పర్మాంగనేటుతో మరిగించి, తేలిగ్గా విడుదలయ్యే నత్రజనిని కొలవడం రెండోది. ఈ రెండో పద్ధతిలో హెక్టారుకు 280 కిలోల లోపు వస్తే "తక్కువ" అని రాస్తారు. అంటే కార్డు చూపించేది జేబులో చిల్లర, ఆస్తి కాదు.

ఆస్తి ఎంతో చూడండి. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో నత్రజని 0.05 శాతమే ఉందనుకున్నా 450 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోల లోపు. అంటే మీ బీడు కింద ఎకరానికి ఇరవై బస్తాలకు పైగా నత్రజని పూడ్చిపెట్టి ఉన్నట్టే. కాకపోతే అది కుళ్ళిన వేళ్ళలో, ఆకుల్లో, సూక్ష్మజీవుల ఒంట్లో బిగుసుకుని ఉంటుంది. ఏటా దానిలో రెండు మూడు శాతమే అమ్మోనియంగా, నైట్రేటుగా విడుదలవుతుంది.

అలా విడుదలైనదాన్ని ఎవరు అందుకుంటారన్నదే మీ ప్రశ్నకు జవాబు. కలగలుపు బీడులో గరిక వేళ్ళు పైపొరలో అల్లుకుంటాయి, తుంగ దుంపలు ఇంకాస్త కింద, వెంపలి తల్లివేరు బాగా లోతుకి దిగుతుంది. ఒకటి వానాకాలంలో దూకుడుగా పెరిగితే ఇంకొకటి చలికాలంలో మేల్కొంటుంది. ఏ నెలలో, ఏ లోతులో విడుదలైనా అందుకునే వేరు ఒకటి ఉంటుంది. అందుకని నేలలో స్వేచ్ఛగా మిగిలే నైట్రేటు తక్కువ. మీరు మట్టి తీసేసరికి ఉన్నదంతా మొక్కల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. నేపియర్ ముక్కలో బహుశా యూరియా వేసిన కొద్ది రోజులకే మట్టి తీసి ఉంటారు.

ప్రశ్నేప్రశ్న:
> నేలలో స్వేచ్ఛగా మిగిలే నైట్రేటు తక్కువ

ఇది ఎవరైనా కొలిచి చూశారా మేడమ్, లేక తర్కమేనా?

మట్టివాసన:
కొలిచారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ క్రీక్ అని ఒక చోటు ఉంది. డేవిడ్ టిల్మన్ బృందం 1994లో అక్కడి ఇసుక నేలల్లో చిన్న చిన్న మళ్ళు కట్టి కొన్నిటిలో ఒకే మొక్క, కొన్నిటిలో 2, 4, 8, 16 రకాలు విత్తారు. రకాలు పెరిగేకొద్దీ గడ్డి దిగుబడి పెరిగింది, వేళ్ళ పొరలో మిగిలే నైట్రేటు తగ్గింది. అది మొదట్లోనే తేలిన సంగతి. పన్నెండేళ్ళ తరువాత మట్టి తవ్వి చూస్తే, ఒకే రకం ఉన్న మళ్ళ సగటుతో పోలిస్తే ఎక్కువ రకాలున్న మళ్ళలో కర్బనం 500 శాతం, నత్రజని 600 శాతం ఎక్కువగా చేరింది. ఆ లెక్క 2008లో అచ్చయింది.

జర్మనీలో యేనా ఊరి దగ్గర 2002లో ఇంకోటి మొదలుపెట్టారు. అది జాలే నది వరద మైదానం, ఒండ్రు నేల. మొత్తం 60 రకాల మొక్కలు. మన లంకలకు దగ్గర పోలిక అదే. అక్కడా రకాలు పెరిగితే నైట్రేటు తగ్గింది.

సార్వాదాళ్వా:
మిన్నెసోటాలో ఆరు నెలలు మంచు. అక్కడి లెక్క తెచ్చి ముక్తేశ్వరంలో అప్పజెబితే ఎలాగమ్మా? గడ్డి వేరు, ఎండ వేరు, వాన వేరు. మన దగ్గర జూలై నుంచి గోదారమ్మ ఎప్పుడు మీదకొస్తుందో తెలియదు.

ప్రశ్నేప్రశ్న:
సార్వా గారి మాట నిజమే. దానికి తోడు నాకింకో రెండు అనుమానాలు.

ఒకటి. పదహారు రకాలు విత్తిన మడిలో గాలి నుంచి నత్రజని తెచ్చే పప్పుజాతి మొక్క పడే అవకాశం ఒక్క రకం విత్తిన మడి కంటే ఎలాగూ ఎక్కువ. అప్పుడు ఫలితం వైవిధ్యానిదా, ఆ పప్పుజాతి మొక్క ఒక్కదానిదా? లాటరీ టిక్కెట్లు ఎక్కువ కొన్నవాడికి బహుమతి వచ్చిందని టిక్కెట్ల సంఖ్యకే మహత్యం ఆపాదించకూడదు కదా.

రెండు. లంకపొలం గారి పోలికే సరిగ్గా లేదు. నేపియర్‌ని కోసి ఇంటికి తీసుకెళ్తారు. బీడులో గేదెలు మేస్తాయి, అక్కడే పేడ వేస్తాయి, మూత్రం పోస్తాయి. ఒక ముక్క నుంచి నత్రజని ఎగుమతి అవుతోంది, ఇంకో ముక్కలో అక్కడక్కడే తిరుగుతోంది. తేడా మొక్కల రకాల వల్లా, పశువుల వల్లా?

లంకపొలం:
బాబూ, రెండోది నాకు తట్టనేలేదు. నిజమే, నేపియర్ మొత్తం మోపులు కట్టి పాకకి చేరుస్తాం. బీడులో తొమ్మిది నుంచి మూడింటి దాకా గేదెలు అక్కడే.

గౌతమిపాయ:
ఈ రెండో ప్రశ్నకి నేను చెబుతాను. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యాను.

మేతలో ముడి ప్రొటీనుని 6.25తో భాగిస్తే నత్రజని వస్తుంది. నేపియర్‌లో 9-10 శాతం ప్రొటీను అనుకోండి, నత్రజని ఒకటిన్నర శాతం. ఎండు లెక్కన టన్ను గడ్డి కోసి తీసుకెళ్తే 15 కిలోల నత్రజని పొలం దాటినట్టు. ముప్పావు బస్తా యూరియా. ఏడాదికి ఆరేడు కోతలు కోస్తూ, పాక దగ్గరి పేడ తిరిగి ఆ చేలో వెయ్యకపోతే ఆకు పాలిపోక ఏం చేస్తుంది? మీ పేడ ఎక్కడికి పోతోంది?

పశువు తిన్న నత్రజనిలో పాలలోకి, ఒంట్లోకి పోయేది కొంచెమే. మామూలుగా ముప్పావు వంతుకు పైనే పేడ, మూత్రంగా బయటికొస్తుంది. కాబట్టి బీడు పచ్చగా ఉండటంలో గేదెల వాటా కచ్చితంగా ఉంది. కాకపోతే అది సమానంగా పడదు. ఆవు గానీ గేదె గానీ మూత్రం పోసిన చోట ఆ కాస్త జాగాలో పడే నత్రజనిని హెక్టారు లెక్కకి తెస్తే 500 కిలోలు దాటిపోతుంది. ఏ ఒక్క మొక్కా అంత తాగలేదు. బీడులో ముదురాకుపచ్చ మచ్చలు చూసే ఉంటారు. ఎక్కువైంది ఇసుక లంకలో నీటితో పాటు దిగిపోతుంది, లేదా అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

లంకపొలం:
పేడ మా కొబ్బరి చెట్ల పాదుల్లోకి పోతోందండి డాక్టరు గారూ.

సార్వాదాళ్వా:
అదీ సంగతి. నేపియర్ నత్రజని బొండాల్లోకి చేరుతోంది.

అంబాజీపేట_తోట:
బొండాలు తాగేవాళ్ళకి అభ్యంతరం లేదు లెండి 😀

మట్టివాసన:
ప్రశ్నేప్రశ్న గారి మొదటి అనుమానం చాలా పాతది, చాలా గట్టిది. 1997 ప్రాంతంలో పరిశోధకులు ఇదే మాట మీద పెద్ద యుద్ధమే చేసుకున్నారు. 2001లో లోరో, హెక్టర్ అనే ఇద్దరు దీన్ని విడదీసి లెక్కగట్టే పద్ధతి ఒకటి ఇచ్చారు: బలమైన మొక్క ఒకటి దొరకడం వల్ల వచ్చిన లాభం ఎంత, పక్కపక్కన ఉండి ఒకదానికొకటి పనికి రావడం వల్ల వచ్చిన లాభం ఎంత అని.

ఇప్పటికి తెలిసినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది. కేవలం సంఖ్యలో పెద్ద మహిమ లేదు. పది రకాల గడ్డి ఉన్నా అన్నీ ఒకే తీరు గడ్డి అయితే లాభం పరిమితమే. సీడర్ క్రీక్‌లో నత్రజని అంతగా చేరడానికి ముఖ్య కారణం వేసవి ఎండకి ఉరకలేసే గడ్డిజాతులూ, పప్పుజాతులూ కలిసి ఉండటం. పప్పుజాతి తన వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా సాయంతో గాలి నుంచి నత్రజనిని తెస్తుంది. గడ్డి దాన్ని జారిపోకుండా పట్టి, బోలెడన్ని వేళ్ళుగా మార్చి మట్టిలో దాస్తుంది. పప్పుజాతి ఒక్కటే ఉంటే తెచ్చింది తెచ్చినట్టు నైట్రేటై కిందికి కారిపోతుంది. యేనాలో కూడా పప్పుజాతి మొక్కలున్న మళ్ళలో నైట్రేటు పెరిగింది, పక్కన పట్టుకునే గడ్డిజాతులు ఉంటేనే అదుపులో ఉంది. గడ్డి ఒక్కటే ఉంటే పట్టుకునే శక్తి ఉంది, తెచ్చేవాళ్ళు లేరు.

ఇక ఎండ, మంచు సంగతి. సార్వా గారూ, వేసవి గడ్డిజాతులు అన్నానే, మన గరిక, నేపియర్, రెల్లు అన్నీ ఆ కోవలోవే. ఎండ ఎంత ఉంటే అంత కర్బనం పట్టే రకాలు. అంకెలు ఇక్కడ వేరే ఉంటాయి, అది ఒప్పుకుంటాను. మన లంకల్లో ఇలాంటి మళ్ళు కట్టి పదేళ్ళు కొలిస్తే బాగుండును. కానీ వేరు, బుడిపె, బాక్టీరియా చేసే పని మిన్నెసోటాలోనైనా మామిడికుదురులోనైనా ఒకటే.

ప్రశ్నేప్రశ్న:
సంఖ్య కాదు, కూర్పు ముఖ్యం అంటారు. ఇది మింగుడుపడుతోంది.

గౌతమిపాయ:
లంకపొలం గారూ, ఒక పని చేయండి. పిల్లిపెసర పప్పుజాతే కదా, పార తీసుకెళ్ళి ఆ మొక్కలు బీడులో నాలుగు, నేపియర్ గట్టు పక్కన నాలుగు మట్టిగడ్డతో సహా లేపండి. పీకకండి, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. బక్కెట్టు నీళ్ళలో నానబెట్టి మెల్లగా కడగండి. వేళ్ళకి ఆవగింజంత, మిరియమంత బుడిపెలుంటాయి. గోటితో చీల్చి లోపలి రంగు చూసి ఇక్కడ రాయండి.

నిర్వాహకుడు:
చర్చ బాగా సాగుతోంది. యూరియా సబ్సిడీ మీద రాజకీయ వ్యాఖ్యలు రెండు తీసేశాను. దానికి వేరే చర్చాదారం ఉంది, అక్కడ రాసుకోండి.

కడియం_నర్సరీ:
మధ్యలో దూరుతున్నాను. మేము లాన్లు వేస్తాం. మెక్సికన్ గడ్డి, కొరియన్ గడ్డి, ఏదైనా ఒక్కటే రకం, మధ్యలో ఇంకో ఆకు కనబడితే కస్టమర్ ఫోన్. అలాంటి లాన్‌కి నెలనెలా యూరియా నీళ్ళు చల్లకపోతే పసుపెక్కుతుంది. ఎంత చక్కగా ఉంచినా నత్రజని బయటి నుంచి పొయ్యాల్సిందే. ఒకసారి ఒకాయన లాన్ పట్టించుకోకుండా ఏడాది వదిలేశారు. పప్పుజాతి కలుపు ఏదో తీగలా పాకి కమ్మేసింది. దాని చుట్టూ ఉన్న గడ్డి మాత్రం నిగనిగలాడుతోంది. ఆయన అదంతా పీకించి మళ్ళీ యూరియా మొదలుపెట్టించారు. మాకేం, బేరం మాకే.

అంబాజీపేట_తోట:
మా కొబ్బరి తోటల్లో గడ్డి రకరకాలుగా ఉంటుంది కానీ నీడ వల్ల పప్పుజాతి నిలవదు. ఎండ పడే సందుల్లోనే కనిపిస్తుంది. వేరుబుడిపెలకి కావలసిన చక్కెర ఆకు నుంచే రావాలి కదా, నీడలో ఆకుకే గతి లేదు. కాబట్టి తోట కింద కలగలుపు వేసి నత్రజని వస్తుందని ఆశపడొద్దు. ముదురు తోటలో వెలుతురు బాగా దిగుతుంటే జనుమో, పిల్లిపెసరో చల్లి పూతకి ముందు పాదుల్లో తొక్కేయడం మేలు.

లంకపొలం:
డాక్టరు గారూ, చెప్పినట్టే లేపి కడిగాను. మా అబ్బాయి కూడా ఉన్నాడు.

బీడులో లేపినవాటికి తల్లివేరు చుట్టూ గుత్తులుగా ఉన్నాయి. చీలిస్తే లోపల ఎర్రగా, పచ్చి మాంసం రంగులో ఉన్నాయి, గోటికి ఎరుపు అంటుకుంది. నేపియర్ గట్టు పక్కన, అంటే యూరియా పడే చోట, మొక్కలు పొడుగ్గానే ఉన్నాయి కానీ బుడిపెలు వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికిన కాసిని కూడా చిన్నవి, లోపల తెల్లగా ఉన్నాయి. ఒకటి రెండు ఆకుపచ్చగా ఉన్నాయి. ఒకే మొక్క, ముప్పై గజాల దూరంలో ఇంత తేడానా!

గౌతమిపాయ:
ఆయ్, నేననుకున్నదే. ఎరుపు ఉంటే పని చేస్తున్నట్టు. మన నెత్తురులో ఆక్సిజన్ మోసే పదార్థానికి చుట్టం లాంటిది ఆ బుడిపెలో ఉంటుంది, దానిదే ఆ రంగు. లోపలి బాక్టీరియాకి ఊపిరాడేటంత ఆక్సిజన్ అందిస్తుంది, నత్రజనిని పట్టే ఎంజైము పాడైపోయేటంత ఎక్కువ కాకుండా చూస్తుంది. తెలుపు అయితే ఇంకా మొదలవలేదు లేదా పని చేయడం లేదు. ఆకుపచ్చ అయితే దాని పని అయిపోయింది.

మట్టివాసన:
ఇది చాలా మంచి పరిశీలన. మొక్కకి గాలిలో నత్రజని పట్టడం ఖరీదైన పని, చాలా చక్కెర ఖర్చవుతుంది. నేలలో నైట్రేటు ఉచితంగా దొరికితే ఆ ఖర్చు ఎందుకని బుడిపెలకి చక్కెర ఆపేస్తుంది. అలా యూరియా వేసినకొద్దీ పప్పుజాతి పని మానేస్తుంది. తరువాత అది తగ్గిపోవడం మొదలవుతుంది, ఎందుకంటే యూరియాకి గడ్డి ఏపుగా పెరిగి నీడ కమ్మేస్తుంది.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో 1856 నుంచి ఇప్పటిదాకా ఒకే పచ్చిక మైదానం మీద దీన్ని చూస్తున్నారు. ఎరువు వేయని ముక్కల్లో ముప్పై నలభై రకాల మొక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఏటా అమ్మోనియం సల్ఫేటు పడిన ముక్కల్లో రెండు మూడు రకాల గడ్డి మిగిలింది, నేల కూడా పులుపెక్కింది.

ఎంత వేస్తే అలా జరుగుతుందంటారా? చాలా కొంచెం చాలు. సీడర్ క్రీక్‌లో 1982 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా ఏటా హెక్టారుకు 10 కిలోల నత్రజని మాత్రమే వేసిన ముక్కల్లో మొక్కల రకాలు 17 శాతం తగ్గాయి. మన లెక్కలో అది ఎకరానికి బస్తాలో ఐదో వంతు.

సార్వాదాళ్వా:
ఐదో వంతు బస్తానా! మేము దాళ్వా (రబీ వరి)లో పిలక దశకే దానికి రెండింతలు మూడింతలు పోస్తాం.

సరే, నేను వరి మనిషిని కాబట్టి నా గోల నేను చెప్పుకుంటాను. మా చిన్నప్పుడు సార్వా (ఖరీఫ్ వరి) కోతకి కొద్ది రోజుల ముందు, చేలో ఇంకా తేమ ఉండగానే, నిలబడి ఉన్న వరి మధ్య పిల్లిపెసరో మినుమో పెసరో చల్లేవారు. కోత అయ్యేసరికి మొలిచి ఉండేది. పిల్లిపెసర పశువులు రెండు సార్లు మేసేవి, మళ్ళీ చిగిర్చేది, మిగిలింది కలియదున్నేవారు. ఇప్పుడు దాళ్వాకి నీళ్ళు వచ్చే చోట ఆ ఖాళీయే లేదు. ఖాళీ ఉన్న చోట కోత మిషన్ దిగి మొలకల్ని అణగదొక్కేస్తుంది. జీలుగ మాత్రం దాళ్వా తరువాత వేసవిలో కొందరు వేస్తున్నారు, అదీ విత్తనం సమయానికి దొరికితే. గడ్డి, పప్పుజాతి జోడీ గురించి పుస్తకాలు చెప్పకముందే మన పెద్దవాళ్ళకి తెలుసు. మేమే పోగొట్టుకున్నాం.

మళ్ళీ చెప్తున్నా, నేపియర్ మీద నా మాట మారలేదు.

ప్రశ్నేప్రశ్న:
వరి చేలో కూడా కిందికి కారిపోవడమే సమస్యా మేడమ్? మా ఊరి బంకమట్టిలో నీరు కిందికి దిగనే దిగదు.

మట్టివాసన:
మంచి ప్రశ్న, డెల్టాలో ఇది విడిగా చెప్పుకోవాలి. నత్రజని తప్పించుకునే దారి నేలని బట్టి మారుతుంది.

లంక ఇసుకలో దారి కిందికే. బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది, ధనావేశం ఉన్న అమ్మోనియంని పట్టుకుంటాయి. నైట్రేటుది రుణావేశమే కాబట్టి దాన్ని వదిలేస్తాయి. ఇసుకలో ఆ కాస్త పట్టు కూడా తక్కువ. వాన పడితే నైట్రేటు బోరు నీళ్ళలోకో ఏట్లోకో పోతుంది. కాబట్టి లంకల్లో కలగలుపు వేళ్ళ వల్ల లాభం పూర్తిగా కనిపిస్తుంది.

కాలువ కింద నల్ల బంకమట్టి వరి చేలో దారి పైకి. నీరు నిలిచిన చేలో పైన సన్నటి పొరలో, వరి వేళ్ళ చుట్టూ మాత్రమే ఆక్సిజన్ ఉంటుంది. అక్కడ అమ్మోనియం నైట్రేటుగా మారుతుంది. ఆ నైట్రేటు కాస్త కిందికి, గాలి లేని పొరలోకి జారగానే అక్కడి బాక్టీరియా దాన్ని ఆక్సిజన్ బదులు వాడుకుని వాయువుగా వదిలేస్తాయి. ఎక్కువ భాగం మామూలు నత్రజని వాయువే, కొంచెం నైట్రస్ ఆక్సైడు. ఆ రెండోది నూరేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడు కంటే 270 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. చేను మీద చల్లిన యూరియాలో ఇంకొంత ఎండకి అమ్మోనియాగా ఎగిరిపోతుంది. 2015లో దేశంలో యూరియా అంతా వేపపూతతోనే అమ్మాలని పెట్టడానికి ఒక కారణం, నైట్రేటుగా మారి జరిగే ఈ నష్టం. వేప అమ్మోనియం నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గిస్తుంది.

ఇదే పని కొన్ని గడ్డిజాతులు వేళ్ళ నుంచే చేస్తాయి. బ్రాకియేరియా అనే మేత గడ్డిలో ఒక రకం వేళ్ళ నుంచి ఊరే పదార్థం నైట్రేటు తయారుచేసే బాక్టీరియాని ఆపుతుందని 2009లో తేల్చారు. జొన్న వేళ్ళకీ ఇలాంటి గుణం ఉంది. అలాంటి మొక్క ఒకటి గుంపులో ఉన్నా నత్రజని అమ్మోనియం రూపంలోనే ఎక్కువసేపు నిలుస్తుంది. కూర్పు ముఖ్యం అన్నది ఇలాంటివాటి వల్లే.

అంబాజీపేట_తోట:
బ్రాకియేరియా అంటే మా బోదెల్లో, మురుగుకాలువ గట్ల మీద పెరిగే నీటి గడ్డి, పారా గడ్డి అంటారు, అదేనా?

మట్టివాసన:
దాని దగ్గర బంధువు. ఆ గుణం బలంగా కనిపించింది హ్యుమిడికోలా అనే రకంలో. పారా గడ్డికి అదే మోతాదులో అంటగట్టలేం.

లంకపొలం:
ఇంతకీ నన్నేం చేయమంటారు? నేపియర్ పీకేయమంటే పీకలేను, ఏడు గేదెలున్నాయి.

గౌతమిపాయ:
పీకొద్దు. సార్వా గారి మాటలో నిజం ఉంది, టన్నులు కావాలి. నేను చెప్పేది ఇది.

బీడు దున్నకండి. దున్నితే నాన్నగారి రోజుల నుంచి చేరిన సేంద్రియ పదార్థానికి గాలి తగిలి ఒక్కసారిగా కుళ్ళుతుంది. మొదటి ఏడాది నేపియర్ అద్భుతంగా వస్తుంది, మీరు సంబరపడతారు. వేళ్ళు పట్టుకోలేనంత నైట్రేటు వరద నీటితో పోతుంది. తరువాత మీకు రెండు యూరియా ముక్కలు మిగులుతాయి.

నేపియర్ వరసల మధ్య అలసంద గానీ దశరథ గడ్డి గానీ పెట్టండి. దశరథ గడ్డి బహువార్షికం, విత్తనం పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్ళలో కాసేపు ముంచి, చల్లార్చి, రైజోబియం (బుడిపెల్లో ఉండే బాక్టీరియా) పట్టించి వేయాలి. వరదనీరు రోజుల తరబడి నిలిచే పల్లంలో వేయకండి, మెరకలో వేయండి. పప్పుజాతి మేత టన్ను ఎండు లెక్కన పెరిగితే సుమారు 20 కిలోల నత్రజని గాలి నుంచి తెస్తుంది. ఒక బస్తా యూరియా అంత. కానీ అదంతా ఆ ఏడాదే నేపియర్‌కి అందదు, వేళ్ళు, ఆకులు కుళ్ళాకే.

పాక పేడలో కనీసం సగం నేపియర్‌కి మళ్ళించండి. కొబ్బరి చెట్లు ఏమీ అనుకోవు.

ఇంకో జాగ్రత్త. యూరియా దండిగా వేసిన నేపియర్‌ని మబ్బు రోజుల్లో, వేసిన వారం పది రోజులకే కోసి పెట్టకండి. కాడల్లో నైట్రేటు పేరుకుని పశువుకి ప్రమాదం. అలాగే లేత పప్పుజాతి మేత ఒక్కటే కడుపునిండా పెడితే కడుపుబ్బరం వస్తుంది. గడ్డితో కలిపే పెట్టండి. గేదె పొట్టకీ కలగలుపే మంచిది, సార్వా గారూ వింటున్నారా?

సార్వాదాళ్వా:
విన్నానండీ డాక్టరు గారూ. నేపియర్ పీకొద్దన్నారు కాబట్టి నేను గెలిచినట్టే లెక్క.

ప్రశ్నేప్రశ్న:
ఎంత కాలంలో తేడా కనిపిస్తుంది?

మట్టివాసన:
పైన కనిపించే మేతలో తేడా రెండో ఏడు నుంచే రావచ్చు. మట్టిలో నెమ్మది. యేనాలో సూక్ష్మజీవుల సంఖ్యలో స్పష్టమైన తేడా రావడానికి నాలుగేళ్ళ దాకా పట్టింది. వేళ్ళు పుట్టి చచ్చి కుళ్ళాలి కదా. అందుకని మూడు నెలలకి మట్టి పరీక్ష చేయించి, నత్రజని పెరగలేదని ఇక్కడికి తిట్టడానికి రావద్దు. చేయిస్తే ఏటా ఒకే నెలలో, యూరియా వేసి నెల దాటాక, సేంద్రియ కర్బనం చూపించే పరీక్ష చేయించండి.

రకాలు పెంచుకుంటూ పోతే లాభం కూడా అలాగే పెరుగుతుందనుకోవద్దు. మొదటి నాలుగైదు రకాలకి వచ్చే లాభం ఎక్కువ, పదహారు నుంచి అరవైకి వెళ్ళినప్పుడు అంత రాదు.

లంకపొలం:
సరేనండి. బీడు అలాగే ఉంచుతాను. నేపియర్ మెరక వైపు నాలుగు వరసల మధ్య దశరథ గడ్డి, పల్లం వైపు చలికాలంలో పిల్లిపెసర. ఆ నాలుగు వరసలకి యూరియా సగానికి తగ్గిస్తాను, మిగతాదానికి మామూలే. పోలిక చూడటానికి మా అబ్బాయి అలా చేయమన్నాడు. పిల్లిపెసర విత్తనం ఎక్కడ దొరుకుతుందండీ? మా వైపు కొట్లలో అడిగితే మినుము ఇస్తామంటున్నారు.

సార్వాదాళ్వా:
మా ఊళ్ళో ఒకాయన దగ్గర సొంత విత్తనం ఉంది, అడిగి చూస్తాను. ప్రైవేటు మెసేజ్ పెట్టండి. యూరియా సగం చేసిన చోట సూపర్ ఫాస్ఫేటు మాత్రం మానకండి, భాస్వరం లేకపోతే బుడిపె పట్టదు. ఇది మా నాన్న చెప్పిన మాట, మేడమ్ గారు కాదంటే చెప్పమనండి.

మట్టివాసన:
కాదనను. నూటికి నూరుపాళ్ళు నిజం. లంకపొలం గారూ, ఆ నాలుగు వరసల కోత బరువు, పక్క నాలుగు వరసల కోత బరువు విడివిడిగా తూకం వేసి రాసి పెట్టండి. ఇదే దారంలో పెడితే అందరం చూస్తాం.